మేజర్ ఆదివారం ఉపవాసం

బాలాసోర్,
12 ఫిబ్రవరి 1988, శుక్రవారం.

ప్రభువు చల్లగా చూస్తున్న మేనకోడలు ఆలిస్‌కు అత్త దీవెనలు.

అమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాం. ఈ ఉత్తరం గార్డు విల్‌ఫ్రెడ్ తెస్తాడు. ఖరగ్‌పూర్ ప్యాసింజరు అతనిదే. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. మన రైల్వేవాళ్ళకు పోస్టాఫీసుతో పనేమిటి?

మేజర్‌ను నీ చేతుల్లో పెట్టి వచ్చాను. రోజూ లోకల్ రైల్లో వెళ్ళి రాలేను, కలకత్తా హాస్టల్లో ఉండి లా చదువుతానని మీ నాన్న ప్రాణం తోడేస్తున్నావు. మంగళవారం మేం వచ్చేదాకా ఒక కుక్కను చూసుకోగలిగితే హాస్టల్లో నిన్ను నువ్వు చూసుకోగలవని నేను చెబుతాను. లేకపోతే చెప్పను. నా మాట కాదని మీ నాన్న ఇంతవరకూ ఏ పనీ చేయలేదు.

స్నేహితులు ఎవరూ క్వార్టరులోకి రాకూడదు. మేజర్‌ను విడిచి నువ్వు ఎక్కడికీ పోకూడదు. వాడు మధ్యాహ్నం ఒక్కపూటే తింటాడు. ఆదివారం మాత్రం ఏమీ పెట్టకు. పరిశుద్ధ దినాన వాడు మెతుకు ముట్టడు. మన సంఘంలో మనుషులే ప్రసంగం సగంలో ఉండగా ఇంటి కూర గురించి ఆలోచిస్తారు. వాడు కుక్కయి పుట్టి కూడా ఉపవాసం!

నీ మేలు కోరే అత్త,
ఎస్తేరమ్మ

తా.క. మీ మామయ్య రైలు దిగినప్పటి నుంచి అన్నం అడగలేదు. ఎదురుగా పెడితే కెలికి లేచిపోయారు. తన వంటకు వంక పెట్టారని వియ్యపురాలు మొహం ముడుచుకుంది. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయిన మనిషికి ఇంత నాజూకేమిటో!

*

ఖరగ్‌పూర్,
శనివారం సాయంత్రం.

అత్తకు ఆలిస్ వందనాలు.

మేజర్ క్షేమం. మీరు అడగలేదు గాని, నేనూ క్షేమమే.

స్నేహితులెవరూ క్వార్టరులోకి రాలేదు. మేజర్‌ను విడిచి నేను ఎక్కడికీ పోలేదు. వాడికి గాలి మారుతుందని కొంచెం బయట తిప్పాను. దారిలో రాజరాజేశ్వరి కలిసింది. మా లా క్లాసులో నాతో మాట్లాడే ఏకైక ప్రాణి ఆమే.

మధ్యాహ్నం మాత్రం మేజర్ తినలేదు. మటన్ చాప్ మూతి దగ్గర పెట్టినా తల తిప్పుకున్నాడు. "అచ్చం మీ అత్తే. ఎదుటివాళ్ళు పెట్టింది నచ్చదు," అంది రాజరాజేశ్వరి. నేను ఖండించాను. గట్టిగా కాదు.

ఇవాళ శనివారం కదా. వీడికి క్యాలెండరు ఎవరు చదివి పెడుతున్నారు?

విధేయురాలు,
ఆలిస్

తా.క. వంట బాగాలేక అన్నం మానే మనిషయితే మామయ్య పెళ్ళయిన కొత్తలోనే మానేసేవారు. కారణం వేరే ఉంటుంది.

*

బాలాసోర్,
ఆదివారం మధ్యాహ్నం.

నా బంగారు ఆలిస్‌కు,

నీ ఉత్తరం పొద్దున గుడికి బయలుదేరుతుంటే అందింది. చదివి గుమ్మంలోనే మోకరించాను. వాడు ఆదివారం కోసం శనివారం నుంచే సిద్ధపడుతున్నాడే!

గుడిలో లేచి సాక్ష్యం చెప్పాను. శనివారం మటన్ చాప్ సంగతి వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వచ్చే ఆదివారం స్త్రీల సమాజాన్ని వెంటబెట్టుకుని ఖరగ్‌పూర్ వచ్చి మేజర్‌ను కళ్ళారా చూస్తారట.

నీ హాస్టలు ఖాయం. నీ దగ్గర ఒక్కరోజుంటే కుక్కకే ఇంత భక్తి వచ్చింది. ఇక హాస్టలు పిల్లలకు ఎంత వస్తుందో!

మురిసిపోతున్న అత్త,
ఎస్తేరమ్మ

తా.క. మీ మామయ్య ఇంకా కెలుకుతూనే ఉన్నారు. వియ్యపురాలు నాతో మాట మానేసింది. ఈయనది మాత్రం భక్తి కాదు. నా సాక్ష్యం మధ్యలో గురక పెట్టారు.

*

ఖరగ్‌పూర్,
ఆదివారం సాయంత్రం.

అత్తకు,

నోరు మూసుకుంటే హాస్టలు నాది. కానీ నేను లా చదివేది నోరు మూసుకోవడానికి కాదు.

పోయిన సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు మేజర్ అన్నం ముట్టలేదని మీరే వాడిని రిక్షాలో ఇందా పేటలోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గురువారం అది. మీ క్రైస్తవ కుక్క విశ్వకర్మకు ఉపవాసం ఎందుకున్నట్టు?

ఆ రోజు వర్క్‌షాపుకు సెలవు. ఆదివారాలూ సెలవే. మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగితే మీరు కంచం పెడతారు. సైరన్ లేకపోతే అది అన్నమని వాడికి తెలియదు. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కనుక ఆ సైరన్ మనకు వినబడదు. వాడికి వినబడుతుంది. అంతే మీ భక్తి.

శనివారం సైరన్ మోగింది కదా అంటారు. మోగింది, మేము వినలేదు. మటన్ చాప్ కలకత్తాలో కొన్నది. పాత పుస్తకాల కొట్లు చూద్దామని రాజరాజేశ్వరి, నేను మేజర్‌తో సహా వెళ్ళాం. గార్డు పెట్టెలో వాడు దొరలా కూర్చున్నాడు. ట్రాము కండక్టరు మాత్రం "కుకుర్ నామాన్, దీదీ!" అని, కుక్కను దించమంటూ ముగ్గురినీ దింపేశాడు. మిమ్మల్ని అడగకుండా వెళ్ళాను. హాస్టలు పోతే పోనివ్వండి.

రుజువు లేకుండా మాట్లాడకూడదని ఇవాళ కంచం నిండా అన్నం పెట్టి, పెరట్లో నిలబడి నేనే సైరన్‌లా కూశాను. క్లాసులో పేరు పిలిస్తే పలకలేని నేను. మేజర్ పరుగున వచ్చి కంచం నాకేశాడు.

గోడ మీదుగా పక్క క్వార్టరు ఎలీసమ్మ తొంగి చూసింది. "ఏటి పిల్లా, ఏటైనాది? మీ అత్త గాని పోయినాదా?"

"లేదండీ, కుక్కకు అన్నం పెడుతున్నాను," అన్నాను.

"అయ్యో, పిల్లకి మతి పోయినాది," అని ప్రార్థన మొదలెట్టింది.

ఆలిస్

తా.క. మేజర్ రెండోసారి కూడా కూయమంటున్నాడు.

*

బాలాసోర్,
సోమవారం.

లాయరమ్మకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేశాను. తర్వాత అన్నం వేళయింది. మీ మామయ్య అరుగు మీద కూర్చుని శూన్యంలోకి చూస్తున్నారు. ఇంట్లో కూడా ఆదివారాలు నేను గుడి నుంచి వచ్చి అరిచేదాకా ఆయన అన్నానికి లేవరని అప్పుడు తట్టింది.

పెరట్లోకి వెళ్ళి, తలుపేసుకుని, నేనూ కూశాను.

తలుపు తీసేసరికి ఆయన చేతులు కడుక్కుని పీట మీద ఉన్నారు. "ఇయ్యాల కూరేటి?" అన్నారు. మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. వియ్యపురాలు మొహం వికసించింది. "ఆ ఏడుపేటి వదినా?" అంటే, కొత్త కీర్తన అన్నాను.

నువ్వు హాస్టలుకు వెళ్ళు. మీ నాన్నకు వేరే ఉత్తరం విల్‌ఫ్రెడ్‌కే ఇచ్చాను. కలకత్తా సంగతి అందులో లేదు. నీ పట్టుదల మెచ్చి పంపిస్తున్నానని మిడిసిపడకు. గుడిలో నిలబడి చెప్పిన సాక్ష్యం నేను వెనక్కి తీసుకోను. ఆదివారం పాస్టరుగారు వచ్చేసరికి, అసలు సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో ఉండకూడదు. శనివారం సాయంత్రానికల్లా రైలెక్కు.

అత్త

తా.క. ఆదివారం మామయ్యను కూడా పాస్టరుగారి ఎదుట కూర్చోబెడతాను. ఒకే ఇంట్లో ఇద్దరు ఉపవాసులు! అలాంటి ఇల్లు బాలాసోర్‌లో ఎక్కడుంది?