చైనుకు పోసిన నూనె

ఆదివారం, సిరిసిల్ల

హైదరాబాద్ నుంచి ఇల్లు చేరాం. అన్నం సహించలేదు.

పొద్దున వెలోడ్రోమ్‌లో, అదే సైకిల్ పందేల ట్రాక్‌లో, మా అమ్మాయి శ్రావణి సైకిల్ ఎక్కే ముందు చైనుకు నూనె పోశాను. ఇరవై ఏళ్లు సాంచాల మీద పనిచేసిన చెయ్యి ఇది; మరమగ్గానికి నూనె పొయ్యందే స్విచ్చు వెయ్యదు. కోచ్‌ని అడగలేదు. మగ్గానికి పోసినట్టే ధారగా పోశాను.

మూడో రౌండులో, గోడలా వాలిన మలుపు దగ్గర, శ్రావణి వెనకే వస్తున్న స్వాతి జారి పడింది. మా కారులోనే వచ్చిన కోరుట్ల పిల్ల. మణికట్టు విరిగింది. ట్రాక్ మీద నూనె చుక్కలు చూసి "ఇది ఎవరి పని?" అని కోచ్ అరిచాడు. నేను స్వాతిని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. మాట రాలేదు. రాలేదా, రానివ్వలేదా?

మా ఊరు దాటి కోరుట్ల దాకా వెళ్లి దించినప్పుడు స్వాతి వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"దేవుని లెక్క ఉన్నవ్ అన్నా. నువ్వు లేకుంటే నా బిడ్డ ఏమైపోవునో."

నా చేతులకు నూనె వాసన ఇంకా పోలేదు. రేపు ఆమెకు ఫోన్ చేసి చెప్పాలి. చెప్తానా?

ఇంటి ముందు సైకిల్ దించుతుంటే చైనుకు చుక్క నూనె లేదు. పక్కనే శ్రావణి చున్నీ, మసిగుడ్డలా నల్లగా.

"ఎవరు తుడిచిండ్రు బిడ్డా?"

"నేనే. సార్ అందరి సైకిళ్లు చూస్తనన్నడు. నువ్వు చెప్పవని సమజైంది బాపు."