ముప్పై రెండో వస్తువు

నారోక్, జూన్ 12, మంగళవారం.

తమ్ముడు సంకాలేకి,

ఫోనులో చెబితే వాదిస్తావు కనుక రాస్తున్నాను. నా మనవరాలు సిమాలోయ్ శుక్రవారం మొదటిసారి గైడుగా అతిథులను మసాయి మారా అభయారణ్యానికి తీసుకువెళుతోంది. ఇవాళ దాని సంచి సరిచూశాను. నేను రాసిచ్చినవి ముప్పై ఒకటి. సంచిలో ముప్పై రెండు ఉన్నాయి.

బైనాక్యులర్ పెట్టె తెరవగానే నీ సింహపు గోరు నా ఒళ్లో పడింది. యాభై ఏళ్లుగా నీ మెడ దిగనిది! అది దగ్గరుంటేనే నేరమనీ, గేటు దగ్గర సంచులు వెదుకుతారనీ, దొరికితే పిల్ల జైలుకు పోతుందనీ నీకు తెలియదా?

"ఇది ఇందులో ఉందని నీకు తెలుసా?" అని దాన్ని నిలదీశాను.

"తెలుసు అమ్మమ్మా. అడవికి ఒట్టి మెడతో పోకూడదని సంకాలే తాతయ్యే తీసిచ్చాడు. వద్దంటే ఏడ్చేసేలా ఉన్నాడు."

"వాడు ఏడిస్తే వాడే తుడుచుకుంటాడు. నిన్ను పట్టుకుపోతే నా కళ్లు ఎవరు తుడుస్తారే?" అన్నాను. గోరు తీసి నా దగ్గరే దాచాను. సింహాన్ని చంపినవాడివి, ఈ పిల్ల కోసం మెడ బోసి చేసుకున్నావు.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం తెచ్చిన మటాటు బండిలోనే ఎక్కి రా.

2. ఇద్దరం వన్యప్రాణి కార్యాలయానికి వెళ్లి గోరు అప్పగిద్దాం. మాట్లాడేది నేను. నువ్వు నోరు విప్పకు.

3. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు, బండి కదలకముందే, మన ఆచారం ప్రకారం దాని నెత్తిన పాలు ఉమ్మి దీవించు. గురి చూసి ఉమ్ము. పోయినసారి నా కళ్లజోడు మీద పడింది.