కోడుమూరులో తీసిన బొమ్మ

కర్నూలు, 1955 మార్చి 7
ఎండ. పొద్దున్నే లెన్సులు తుడిచి పెట్టెలో సర్దాను. ఫిల్ము స్కూల్లో చేరి నెల దాటింది. మాస్టరు కామెరా మూత తీసి ఫిల్ము ఎక్కించడం నేను ఒక్కసారీ చూడలేదు. నలుగురం విద్యార్థులం రోజూ తీస్తూనే ఉన్నాం. తీసిందేదీ ఇంతవరకు తెర మీద చూపించలేదు. మాస్టరు మద్రాసు మనిషి. లోపల ఏముందో అడగాలని ఉంది. అడగను. ఇది కూడా తెలియదా అని నవ్వుతారు.

మార్చి 9
సాయంత్రం టీకి ఈరోజూ పోలేదు. అవే గ్లాసులు కడిగి అందరికీ పోస్తారు. మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఖాదర్ ఉర్దూలో ఏదో అన్నాడు, బళ్లారి శివన్న కన్నడంలో బదులిచ్చాడు, నంద్యాల ఏసేపు పడీపడీ నవ్వాడు. నన్ను చూసి ఖాదర్, ఏమప్పా గోపన్నా, మా గ్లాసు నిన్ను కరుస్తాదా అని కేకేశాడు. లోపలికి వచ్చేశాను. నా గురించే మాట్లాడుకుంటున్నారు.

మార్చి 12
ఎవరి ఊళ్లో జరిగే పనిని వాళ్లు కామెరాతో తీసి తేవాలట. మా ఊరు కోడుమూరు, మాది మగ్గాల వీధి. మా చిన్నమ్మ బసమ్మకు చూపు తగ్గింది. మగ్గం మీద ఉన్నదే ఆమె నేసే ఆఖరి చీర. నేత అయిపోయింది. నా కోసమని మగ్గం మీంచి కోయకుండా ఆపింది. కోసేటప్పుడే తియ్యప్పా, మళ్లా కోసేదానికి నాకు ఇంగో చీర యాడుండాది అని చెప్పి పంపింది.

మార్చి 13, కోడుమూరు
గాలి, దుమ్ము. శివన్న తోడు వచ్చాడు. చిన్నమ్మ తలకు నూనె రాసుకొని కొత్త రవికె తొడుక్కుంది. వీధి వీధంతా వాకిట్లోనే. ఇంగ నిన్ను పట్టేదెట్ల, సినిమా యాక్టరువైపోతివి అని పక్కింటి నాగలక్ష్మమ్మ ఎగతాళి చేసింది. నీ మొగుడు టిక్కెట్టు కొనుక్కోని సూస్తాడులే నన్ను అంది చిన్నమ్మ.
కామెరా తిరిగింది. ఆమె కత్తితో పడుగు దారాలు కోసింది. ఒక్కో కుచ్చు తెగుతుంటే పెదవులు కదిలాయి. చీర మగ్గం విడిచి ఒళ్లోకి జారింది. చాలాసేపు దాన్ని నిమిరి, పడిందా నాయనా బొమ్మ అని అడిగింది.
పడింది అన్నాను.
శివన్న నా వైపు అదోలా చూశాడు.

మార్చి 14
ఎందుకు చూశాడు?

మార్చి 19
మాస్టరును అడిగేశాను. కామెరాలో ఫిల్మే లేదు. ఫిల్ముకు పర్మిట్ వచ్చేదాకా ఖాళీ కామెరాతోనే ప్రాక్టీసని మాస్టరు మొదటి వారమే టీ దగ్గర చెప్పాడట. నేను తప్ప అందరికీ తెలుసు. నీకూ తెలుసనుకుంటిమి, పెద్దామె సంతోషం కోసం అట్లంటివనుకుంటి అన్నాడు శివన్న. నమ్మాలో వద్దో తెలియడం లేదు.

మార్చి 26
మద్రాసు నుంచి ఫిల్ము వచ్చింది. మనిషికి ఒక్క చుట్ట. ఈరోజే కోడుమూరు బస్సు డ్రైవరు చిన్నమ్మ కబురు తెచ్చాడు. మగ్గం విప్పి కట్టెలు అటక మీద పెట్టించిందట. శుక్రవారం బస్సుకు వచ్చి తన బొమ్మ చూసి పోతుందట.
ఇంకొకామె చేతులు తీసి చూపిస్తే సరిపోదా అన్నాడు ఏసేపు. ఆమె చేతులు ఆమెకు తెలీవా రా అని ఖాదర్ వాణ్ని తిట్టాడు. ఇదంతా టీ దగ్గర. వాళ్ల మధ్యనే కూర్చున్నాను. తాగలేదు.

మార్చి 28, కోడుమూరు
ఉక్క. ఫిల్ము ఎక్కించుకొని ఒక్కణ్నే వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పొద్దు పడింది అంటివి గదప్పా అంది చిన్నమ్మ. తలవంచుకున్నాను.
ఇప్పుడుండాదా దీంట్లో? ఉంది అన్నాను. సూపియ్యి అంది.
మూత తీస్తే వెలుతురు తగిలి చెడిపోతుంది చిన్నమ్మా, ఉన్నది ఇదొక్కటే అన్నాను.
ఆ పొద్దు గూడా మూత తియ్యకపోతివి అంది.
గొంతులో కోపం లేదు. చూపు ఆననిది, మూత దగ్గరికి ముఖం ఆనించి కూర్చుంది.
తీశాను. వాకిట్లో ఎండ నేరుగా కామెరా లోపలికి పడింది. ఆమె తడిమి తడిమి ఫిల్మును వేలితో ముట్టుకుంది. ఉండాది, ఇంగ తియ్యప్పా అంది. మూత వేసి కామెరాకు కీ ఇచ్చాను. ఆమె మగ్గం విప్పేసిన చోట, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటలోకి కాళ్లు దించి, వట్టి చేతులు ముందుకు చాచి, లేని పడుగు దారాలను ఒక్కో కుచ్చే కోసింది.