శుక్రవారం అంకె

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. రోజూ పొద్దున్నే ఏటి నీటిమట్టం కొలిచి రిజిస్టరులో రాయడమే నా పని. నాకు ముందు ఈ ఉద్యోగం చేసి చనిపోయిన పెద్దాయన, గట్టు దిగడానికి బద్ధకించి, ఈ నెలాఖరు దాకా అంకెలు ముందే వేసేసి పోయాడు. "ఆయనెప్పుడూ అంతేనమ్మా, కుర్చీలోంచే కొలిచేవాడు" అని వాచ్‌మన్ నవ్వాడు. తప్పులు దిద్దుదామని పన్నెండు రోజులుగా కొలుస్తున్నాను. ఒక్క అంకె కూడా దిద్దాల్సిన పని పడలేదు. వాచ్‌మన్ ఇప్పుడు నవ్వడం లేదు.

నా స్వెట్టరు పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా?

ఈ ఏరే కదా మన వీధి చివరికి వచ్చేది. మన గడప మునిగిన నాటి మట్టం కంటే, వచ్చే శుక్రవారానికి ఆయన వేసింది రెండడుగులు ఎక్కువ. నాన్నకు నమస్కారాలు. నవ్వితే నవ్వనీ, గురువారమే నానమ్మను మేడ మీదకు ఎక్కించు.