మంచి తొట్టి

గంటర్స్‌విల్ సరస్సు, శనివారం

డార్లాకు,

నేనూ పడవా క్షేమమే, బాస్ చేపలు పట్టే పోటీయే పోయింది.

తిరిగి వస్తుంటే సరస్సు నడుమ మీ తమ్ముడు కర్టిస్ పడవ మోటారు ఆగిపోయి చేతులూపుతున్నాడు. వాడినీ వాడి చేపలనూ నా పడవలోకి ఎక్కించుకున్నాను. పట్టిన చేపల్ని తూకం దాకా బతికించి ఉంచే నా రెండు నీళ్ల తొట్లలో ఒకదానికే గాలి పంపు సరిగా ఆడుతోంది. "బావా, నావి పెద్ద చేపలు, ఊరికే చచ్చిపోతాయి. ఆ మంచి తొట్టి నాకియ్యవా" అన్నాడు. ఇచ్చాను. తూకం దగ్గరికొచ్చేసరికి నావి మూడు చచ్చి తేలాయి. పోటీ నియమం ప్రకారం చచ్చినవాటికి బరువులో కోత పెట్టారు. మొదటి బహుమతి వాడిది. మైకులో దేవుడికీ తన కుక్కకీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

కొత్త పంపు తెప్పించు. వంటింటి కుళాయి కారడం ఆగిందా?

పాపకు ముద్దులు. ఆదివారం మీ అమ్మ కోడి వేయిస్తే, మంచి ముక్క వాడు అడగకముందే వాడికి వెయ్యమను. నా కంచం తీసెయ్యమను.

హొలిస్