మగ్గాలు ఆగినప్పుడు విన్న గొంతు

బుధవారం, రాత్రి

స్కానింగు, సూది పరీక్ష కాగితాలు చూసి, థైరాయిడ్‌లో గడ్డ శనగగింజంతే ఉంది గానీ క్యాన్సరే అన్నాడు డాక్టరు.

"ఇంత చిన్నయి శానామటుకు ఉన్నకాడనే ఉంటయి. నీది థైరాయిడ్ అంచుకు ఉన్నది, అదే ఫికర్. అంచు దాటి గొంతు నరాన్ని పట్టిందంటే మాట బొంగురువోతది. నీ గొంతేమన్న మారిందా?"

"లేదు సార్" అన్నాను.

అబద్ధమాడలేదు. మరమగ్గాల చప్పుడులో ఇరవై ఏళ్లుగా అరుచుకునే మాట్లాడుకుంటున్నాం. షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది కాబట్టి ఇంట్లోనూ అంతే. మాలో ఎవరి గొంతు సరిగ్గా ఉంది గనక!

సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. అరవాల్సిన పని లేదని గుమ్మంలో నిలబడి మెల్లగా, "బిడ్డా, జర మంచినీళ్లు తే" అన్నాను.

లోపల నా కూతురు శ్రావణి వాళ్లమ్మతో అంటోంది: "అమ్మా, ఎవరో వచ్చిండ్రు. నాయన షెడ్డుల ఉన్నడని చెప్పు."

నా భార్య తొంగిచూసి నవ్వింది. "ఎవరో కాదే, మీ నాయననే!"

రేపు పొద్దున్నే దవాఖానకు పోయి, లేదన్నది తప్పని చెప్పాలి. ఎన్నాళ్ల నుంచి మారిందని అడిగితే? నాకేం తెలుసు... ఇంట్లో ఎవరికి మాత్రం తెలుసు?

అన్నం దగ్గర శ్రావణి రెండుసార్లు "నాయనా" అని పిలిచింది. తల ఊపాను. నోరు తెరవలేదు.