పీవ్నా ఆవలించిన పొద్దు

జూన్ 3

అమ్మ ఇవాళ కూడా వాకిట్లో ఇసుక మీదే పడుకుంటానంది. పక్కన నా కూతురు లహరి. మంచాలు రెండూ ఖాళీ. పోయినేడు తమ్ముడు జేఠా పడుకుని ప్రాణం పోగొట్టుకున్నది ఆ ఇసుక మీదే. పాము కాటేస్తుందే అమ్మా అంటే నవ్వింది. పీవ్నా పాము కరవదురా పిచ్చోడా, నిద్రపోయేవాళ్ల ఊపిరి తాగిపోతుంది, మంచమెక్కితే మాత్రం వదుల్తుందా అంది. మా బాడ్మేర్ పల్లెల్లో చాలామందిదీ ఇదే మాట. మరి జేఠా ఒంటి మీద గాటు లేదుగా అని నన్నే అడిగింది.

కోరలు ఫొటో తీసి చూపిస్తే నమ్ముతుంది. నాకు పెళ్లి ఫొటోల సీజన్ అయిపోయింది. కెమెరా ఖాళీగానే ఉంది.

జూన్ 9

జాడలు పట్టే సుమార్ కాకాను బతిమాలి వెంట తీసుకెళ్లాను. ఇసుక మీద గీత చూసి ఏ పామో, ఎప్పుడు పోయిందో చెప్పేస్తాడు. నేనంటే మాత్రం వేళాకోళం. పెళ్లికూతుర్ని ముసుగు తియ్యమన్నట్టు దీన్ని నోరు తెరవమంటావా ఏంట్రా అన్నాడు.

జూన్ 10

గీత ఉంది. పాము లేదు.

జూన్ 12

కలొచ్చింది. జేఠా ఇసుకలో పడుకుని ఊపిరి పీలుస్తున్నాడు. ఊపిరి ఊపిరికీ ఒక దిబ్బ లేస్తోంది, దిగుతోంది. మెలకువ వచ్చాక బయటి దిబ్బలను చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

జూన్ 14, తెల్లవారుజాము 5.20

కేర్ ముళ్లపొద కింద కనబడింది. నలుపు. సన్నని తెల్ల పట్టీలు. దేన్నో మింగినట్టుంది, నడుం లావుగా ఉంది. ఇసుకంతా ఇంకా నీలంగానే ఉంది. కదిలేది పామో, ఇసుకో తెలియలేదు. తమ్ముణ్ణి చంపిన జాతి. కోపం రావాలి. రాలేదు. ఎంతసేపు బోర్లా పడుకుని చూశానో నాకే గుర్తులేదు.

అప్పుడు ఆవలించింది. నిజంగా ఆవలింతే, మింగాక దవడలు సర్దుకోవడానికి. కాకా నా కాలు గిల్లి, తియ్యరా మొద్దూ అని గుసగుసలాడాడు. ఫ్లాష్ లేకుండా పదకొండు ఫ్రేములు తీశాను.

అంత అందంగా ఉంటుందనుకోలేదు. సిగ్గేసింది.

జూన్ 15

నా స్టూడియోలో జూమ్ చేశాను. రెండు కోరలు. నువ్వుగింజంత కూడా లేవు. గాటు కనబడకపోవడంలో వింతేముంది? పెద్ద సైజు ప్రింట్ వేశాను.

జూన్ 15, సాయంత్రం

గుమ్మం దాకా తెచ్చి ఆగిపోయాను.

పోయినేడు ఆ రాత్రి జేఠా కడుపునొప్పన్నాడు. రెప్పలు వాలిపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్దామని నేను జీపు తెచ్చాను. ఊపిరి తాగేసిందిరా, ఇంకెక్కడికి తిప్పుతావు వాణ్ణి అని అమ్మే ఆపింది. తెల్లారేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ ఫొటో చూస్తే ఆమెకు ఇంకేం తెలుస్తుందో నాకు తట్టనే లేదు. ఇన్నాళ్లూ కోరల ధ్యాసే. ప్రింట్ బీరువా వెనక పెట్టాను.

జూన్ 16

చూపించాను. లహరి కోసం.

అమ్మ దాన్ని వెలుతురుకు తిప్పుకుంది. కోర మీద వేలు పెట్టింది. అయితే కరిచిందా అంది. కరిచిందమ్మా అన్నాను. పాము కరిస్తే ఆస్పత్రిలో సూది ఉందిగా అంది. ఉందన్నాను. జీపు వాకిట్లోనే ఉండెగదరా అంది.

జూన్ 17

అమ్మ లహరిని మంచమెక్కించి తనూ ఎక్కింది. అమ్మా నేనూ నిద్రపోలేదు.

జూన్ 22

అమ్మ ఫొటో చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. పిల్లల్ని నేల మీద పడుకోబెట్టొద్దంటోంది. ఎవరైనా నమ్మకపోతే, నా కొడుకుని జీపెక్కనివ్వంది నేనేనమ్మా అని చెబుతోంది.

నమ్ముతున్నారు.